తెరచాప ముందు బతుకుతెరువు, తర్వాతే విహారం

నలుగురైదుగురు స్నేహితులు కలిసి వారం రోజులకు ఒక తెరచాప పడవను అద్దెకు తీసుకుని కరీబియన్ దీవుల మధ్య తిరిగి రావడం ఈరోజు ప్రపంచమంతటికీ తెలిసిన విహారం. పొద్దున ఒక దీవి దగ్గర లంగరెత్తి, మధ్యాహ్నానికి ఇంకో దీవి చాటున లంగరు దించుతారు. వంట పడవలోనే, నిద్రా పడవలోనే. చుక్కాని వంతులవారీగా తలా కాసేపు పట్టుకుంటారు. ఈ విహారానికి చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల నుంచి మొదలుపెడతారు. యూరప్ నుంచి, అమెరికా నుంచి కొందరు సాహసికులు సొంత పడవల్లో వచ్చారు, ఎవరూ పట్టించుకోని రేవులను కనిపెట్టారు, పడవలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టారు, అలా ఒక పరిశ్రమ పుట్టింది అంటారు. ఈ కథలోని సంఘటనలు నిజమే, మొదలు మాత్రం తప్పు. వాళ్లు పట్టిన దారి, ఆగిన రేవులు, బయల్దేరే రుతువు అన్నీ అంతకు ముందు కొన్ని వందల ఏళ్లుగా ఆ దీవుల మనుషులు పొట్టకూటి కోసమూ, కొన్నిసార్లు స్వేచ్ఛ కోసమూ పడవ నడిపి ఖాయం చేసినవే. విహారం ఆ కష్టం మీద లేచిన పై అంతస్తు. ఈ వరస సరిచేసి చెప్పడం గతానికి న్యాయం చేయడమే కాక, ఆ దీవుల వర్తమానానికి కూడా అవసరమన్నది నా వాదన.

ముందు ఆ సముద్రం తీరు చూడాలి. ఆంటిగ్వా, గ్రెనడా, సెయింట్ లూసియా లాంటి పేర్లు తెలుగు పాఠకులకు క్రికెట్ మైదానాల పేర్లుగా ఎప్పటినుంచో పరిచయం. పటంలో ఈ దీవులు వర్జిన్ దీవుల నుంచి గ్రెనడా దాకా వంపు తిరిగిన ఒక వరసగా, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 500 నాటికల్ మైళ్లు పరుచుకుని ఉంటాయి. అట్లాంటిక్ మీదుగా వచ్చే వ్యాపార పవనాలు ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు నుంచి పడమరకు తెంపు లేకుండా వీస్తాయి. దీవుల వరస ఒక దిక్కున, గాలి దానికి అడ్డంగా ఉండడం వల్ల వెళ్లేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ కూడా గాలి పడవకు పక్క నుంచే తగులుతుంది. తెరచాపకు ఇంతకన్నా అనుకూలమైన ఏర్పాటు అరుదు. దీవుల నడుమ దూరాలు కూడా తక్కువే. డొమినికా నుంచి ఉత్తరాన గ్వాడలూప్‌కూ, దక్షిణాన మార్టినిక్‌కూ దూరం పాతిక నాటికల్ మైళ్లకు అటూ ఇటూ ఉంటుంది. దీవికి తూర్పు ఒడ్డున అట్లాంటిక్ కెరటాలు విరుచుకుపడుతుంటే, కొండల చాటున ఉన్న పడమటి ఒడ్డు నెమ్మదిగా ఉంటుంది. అందుకే రోసో, కాస్ట్రీస్, కింగ్స్‌టౌన్, ఫోర్ట్ డి ఫ్రాన్స్, సెయింట్ జార్జెస్ వంటి పట్టణాలన్నీ పడమటి ఒడ్డునే వెలిశాయి. ఈనాటి విహార పడవలు రాత్రిళ్లు ఆగేదీ అటువైపే.

ఈ గాలినీ ఈ చాటునూ మొదట చదివినవాళ్లు కలినాగోలు, వాళ్లకన్నా ముందు అక్కడ బతికిన ఇతర ఆదివాసులు. కొలంబస్ తన రెండో యాత్రలో 1493 నవంబర్ 3న, ఒక ఆదివారం, డొమినికాను చూసేనాటికే వీళ్లు దీవి నుంచి దీవికి రాకపోకలు సాగిస్తున్నారు. గొమ్మియే అనే మహావృక్షాన్ని కొట్టి, మాను లోపలిభాగం తొలిచి, అందులో రాళ్లూ నీళ్లూ నింపి, నిప్పు వేడితో అంచులను వెడల్పు చేసి పడవ తయారు చేసేవాళ్లు. పక్కలకు పలకలు ఎత్తుకట్టి సముద్రానికి సిద్ధం చేసేవాళ్లు. డొమినికాలో 1903లో బ్రిటిష్ ప్రభుత్వం కలినాగోలకు 3,700 ఎకరాలు కేటాయించింది. అక్కడ ఈ విద్య నేటికీ బతికే ఉంది. పొరుగున ఉన్న సెయింట్ లూసియా, మార్టినిక్ జాలరులకు ఈ పడవ వారసత్వంగా అందింది. సెయింట్ లూసియాలో పుట్టి 1992లో నోబెల్ బహుమతి పొందిన డెరెక్ వాల్కాట్, తన మహాకావ్యం ‘ఒమెరోస్’ను పడవ కోసం చెట్లు కొట్టే జాలరులతోనే ప్రారంభించాడు. ఆ దీవుల కథ ఎక్కడ మొదలవుతుందో ఆ కవికి స్పష్టంగా తెలుసు. విహార చరిత్రకారులు మాత్రం ఈ మొదటి అధ్యాయాన్ని పరిచయ వాక్యంగా కుదించి దాటిపోతారు.

రెండో అధ్యాయం చక్కెరది. పదిహేడో శతాబ్దం నుంచి ఈ దీవులు చెరకు తోటలుగా మారాయి, ఆ తోటలు ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసల మీద నడిచాయి. యూరప్‌కు సరుకు మోసే పెద్ద ఓడలు ఒకటి రెండు రేవుల్లోనే ఆగేవి. తోట తోటకూ వెళ్లి చక్కెర పీపాలూ రమ్ము పీపాలూ పోగుచేయడానికీ, దీవి నుంచి దీవికి ధాన్యం, పశువులు, మనుషులను చేరవేయడానికీ చిన్న తెరచాప పడవలు కావాలి. వాటిమీద పనిచేసినవాళ్లలో చాలామంది బానిసలే. వాళ్లలో ఒలాడా ఎక్వియానో తన జీవితాన్ని స్వయంగా రాసి 1789లో ప్రచురించాడు. మాంట్సెరాట్ దీవిలో రాబర్ట్ కింగ్ అనే వర్తకుడికి బానిసగా ఉంటూ అతను పడవల మీద దీవులన్నీ తిరిగాడు. మూడు పెన్నీల విలువైన అర బిట్టు నాణెంతో సెయింట్ యుస్టేషియస్‌లో ఒక గాజు గ్లాసు కొని, మాంట్సెరాట్‌లో రెట్టింపు ధరకు అమ్మాడు. దీవికీ దీవికీ మధ్య ధరల తేడా తెలుసుకుని, ప్రతి ప్రయాణంలో కాస్త కాస్త సరుకు మార్చుకుంటూ, 1766లో 40 పౌండ్లు చెల్లించి తన స్వేచ్ఛ తానే కొనుక్కున్నాడు. దారిలో తెల్లవాళ్లు అతని సరుకు లాక్కున్న సందర్భాలను, అడగడానికి హక్కు లేని తన నిస్సహాయతను కూడా అదే పుస్తకంలో రాశాడు. ఈనాడు స్నేహితుల బృందాలు సరదాగా దాటే ఆ నీళ్లనే రెండున్నర శతాబ్దాల క్రితం ఒక మనిషి తన విడుదల ధర కూడబెట్టుకుంటూ దాటాడు. ఆ దారి గురించి వివరంగా రాసిన తొలి వాళ్లలో అతనొకడు.

పడవ స్వేచ్ఛకు దారి అవుతుందని యజమానులకూ తెలుసు. డేనిష్ వర్జిన్ దీవుల్లో పడవలు ఎవరు ఉంచుకోవచ్చో నిర్ణయించే నిబంధనలు పెట్టింది అందుకే. అయినా అక్కడి బానిసలు పడవలు ఎక్కి స్పెయిన్ ఏలుబడిలోని ప్యూర్టోరికోకు పారిపోయేవాళ్లు. కేథలిక్ మతం పుచ్చుకున్నవాళ్లకు అక్కడ స్వేచ్ఛ ఇచ్చేవారు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. డేనిష్ దీవుల్లో అది 1848 దాకా కొనసాగింది. ఆ మధ్య పద్నాలుగేళ్లు డేనిష్ సెయింట్ జాన్‌కూ, బ్రిటిష్ టోర్టోలాకూ నడుమ ఉన్న దాదాపు రెండు మైళ్ల జలసంధి బానిసత్వానికీ స్వేచ్ఛకూ మధ్య సరిహద్దు. 1840 మే నెలలో ఒక రాత్రి లీన్‌స్టర్ బే, అన్నాబర్గ్ తోటల నుంచి పదకొండు మంది ఆ జలసంధి దాటి టోర్టోలా చేరారు. ఇప్పుడు అదే లీన్‌స్టర్ బే జాతీయ పార్కు నీళ్లలో భాగం. విహార పడవలు కట్టుకోవడానికి తేలే బోయాలు అక్కడ ఉన్నాయి. టోర్టోలాలో పడవ అద్దెకు తీసుకున్నవాళ్లు ఆ జలసంధిని అరగంటలో దాటుతారు. ఈ నీటి గురించి ఏ విహార పుస్తకం రాసినా ఆ పదకొండు మంది ప్రయాణం మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

ఇక రేవుల సంగతి. కరీబియన్ విహార పరిశ్రమకు పుట్టిల్లుగా ఆంటిగ్వాలోని ఇంగ్లిష్ హార్బర్‌ను చెబుతారు. కొండల మధ్య మడత పడినట్టు లోపలికి చొచ్చుకొచ్చిన ఆ రేవులో తుపాను కాలంలో కూడా ఓడలు భద్రంగా ఉంటాయని గ్రహించి, 1720లలో బ్రిటిష్ నౌకాదళం అక్కడ ఓడల మరమ్మతు కేంద్రం కట్టడం మొదలుపెట్టింది. 1784 నుంచి 1787 దాకా అక్కడ పనిచేసిన నౌకాదళ అధికారి నెల్సన్ పేరు తర్వాత దానికి స్థిరపడింది. కానీ రాయి మోసిందీ, పునాది తీసిందీ, కొయ్య పని చేసిందీ బానిసలైన ఆఫ్రికన్లు. 2016లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు, వాళ్ల శ్రమా నైపుణ్యమూ లేకుండా ఆ నిర్మాణం సాధ్యమయ్యేది కాదని అధికారికంగా నమోదు చేసింది. నౌకాదళం 1889లో ఆ కేంద్రాన్ని మూసివేసింది. అరవై ఏళ్ల తర్వాత, 1949లో, విశ్రాంత నౌకాదళ అధికారి వెర్నన్ నికల్సన్ కుటుంబంతో, మోలీహాక్ అనే స్కూనర్ రకం తెరచాప పడవతో అక్కడికి చేరి, పాడుబడ్డ భవనాల మధ్య నివాసం పెట్టి, అతిథులను పడవలో దీవులకు తిప్పే వ్యాపారం ప్రారంభించాడు. 1951లో ఆ రేవు పునరుద్ధరణకు ఒక సంఘం ఏర్పడింది, 1961లో అది మళ్లీ తెరుచుకుంది. నికల్సన్ కుటుంబం చొరవ నిజమైనదే. అయితే వాళ్లకు దొరికింది ఖాళీ తీరం అనుకోకూడదు. రెండు శతాబ్దాల కిందట ఇతరుల చేతులు కట్టిపెట్టిన గోడలూ ఒడ్డుగట్లూ వాళ్లకు సిద్ధంగా దొరికాయి.

విహార చరిత్రలో పూర్తిగా మాయమైన కాలం బానిసత్వం రద్దు తర్వాతిది. తోటల యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. ఓరేలీ అనే ఓడ 1854 డిసెంబర్‌లో తొలి బృందాన్ని గ్వాడలూప్‌లో దించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో 42 వేలకు పైగా భారతీయులు ఆ ఒక్క దీవికే చేరారు. తమిళులతో పాటు తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లు ఎక్కిన ఓడకు దిశ నిర్ణయించిన చేయి ఎప్పుడూ పరాయిదే, దిగిన చోటూ పరాయివాళ్ల తోటే. అదే కాలంలో, చక్కెరకు పనికిరావని యజమానులు వదిలిపెట్టిన చిన్న దీవుల్లో, విడుదలైన బానిసల సంతానం చుక్కాని తమ చేతిలోకి తీసుకుంది. టోర్టోలా రైతులు స్లూప్ అనే సొంత చిన్న తెరచాప పడవల్లో పశువులనూ బొగ్గునూ సెయింట్ థామస్ సంతకు తీసుకెళ్లి అమ్ముకున్నారు. బెక్వే దీవి యువకులు న్యూ ఇంగ్లండ్ తిమింగల వేట ఓడల మీద పని నేర్చుకున్నారు, 1870లలో విలియం వాలెస్ సొంత దీవిలోనే వేట ప్రారంభించాడు. కారియకూ దీవిలోని విండ్‌వర్డ్ గ్రామంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఓడవడ్రంగుల పనితనం, ఆఫ్రికన్ సంతతి వాళ్ల పనితనం కలిసి ఒక ప్రత్యేకమైన పడవ పుట్టింది.

ఆ కారియకూ పడవ ఎలా పుడుతుందో చూస్తే ఇక్కడి తెరచాప సంస్కృతి లోతు తెలుస్తుంది. కాగితం మీద నమూనా ఉండదు. ఓడవడ్రంగి సముద్రపు ఒడ్డున ఇసుకలోనే, కంటి అంచనాతో, పడవను పైకి లేపుతాడు. అడుగున పొడుగునా ఉండే దూలానికి గయానా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ కలప, పక్కటెముకలకు దీవిలోనే గాలికి వంగి పెరిగిన వైట్ సెడార్ కొమ్మలు వాడతారు. కొమ్మ సహజంగా ఏ వంపు తిరిగిందో చూసి, ఆ వంపు పడవలో ఏ చోట సరిపోతుందో నిర్ణయిస్తారు. నీళ్లలోకి దించే రోజు ఊరంతా పండుగ. మేకనో గొర్రెనో బలి ఇచ్చి, చెక్క మీద రమ్ము చల్లి, మతాచార్యుడి చేత దీవెన పొంది, ఆనించిన కొయ్య ఆధారాలను గొడ్డలితో ఒక్కొక్కటిగా నరుకుతూ పడవను పక్కకు వాల్చి, దుంగల మీద దొర్లిస్తూ, తాళ్లు పట్టి ఊరి జనమంతా సముద్రంలోకి లాగుతారు. ఇలా పుట్టిన పడవలు సరుకు మోశాయి, ఉత్తరాలు మోశాయి, ట్రినిడాడ్‌కు పనికి వెళ్లే మనుషులను మోశాయి, పన్ను కట్టని రమ్మునూ మోశాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు కరీబియన్‌లోకి వచ్చాయి, వాటిలో ఒకటి 1942 మార్చిలో సెయింట్ లూసియా రాజధాని కాస్ట్రీస్ రేవులోకే చొరబడి రెండు ఓడలను దెబ్బతీసింది. ఆవిరి ఓడల రాకపోకలు దెబ్బతిన్న ఆ రోజుల్లో దీవులకు తిండిగింజలు చేరవేసే భారం ఈ కొయ్య పడవల మీద పడింది. అవి దాన్ని మోశాయి.

ఇంత బతుకు సాగుతున్న సముద్రంలోకి విహారం ఆలస్యంగా, అతిథిగా వచ్చింది. 1911లో ఫ్రెడరిక్ ఫెంగర్ అనే అమెరికన్ యాకబూ అనే చిన్న తెరచాప పడవలో గ్రెనడా నుంచి ఉత్తరానికి బయల్దేరాడు. 1917లో వచ్చిన అతని పుస్తకంలో, దారిలో దీవుల తిమింగల వేటగాళ్లతో గడిపిన రోజులకు పెద్ద చోటు దక్కింది. 1948లో కార్ల్‌టన్ మిచెల్ అనే అమెరికన్ రాసిన పుస్తకం యుద్ధానంతర పాఠకులకు ఈ దీవులను విహార స్థలంగా పరిచయం చేసింది. 1966లో డాన్ స్ట్రీట్ ప్రచురించిన మార్గదర్శక గ్రంథం ఏ రేవులో ఎక్కడ లంగరు వేయాలో, ఏ దిబ్బను ఎటునుంచి తప్పించుకోవాలో వివరంగా చెప్పింది. అప్పటిదాకా ఆ జ్ఞానం స్థానిక సరంగుల జ్ఞాపకంలో ఉండేది, ప్రయాణికుడికి వాళ్ల తోడు తప్పనిసరి. పుస్తకం రావడంతో ఆ తోడు లేకుండా వెళ్లడం సాధ్యమైంది. ఆ మలుపుకు 1969 మంచి గుర్తు. ఆ ఏడాది బెక్వేలోని ఫ్రెండ్‌షిప్ బే ఒడ్డున దీవి మనుషులు స్వయంగా కట్టిన ఫ్రెండ్‌షిప్ రోజ్ అనే స్కూనర్ నీళ్లలోకి దిగింది. 1990ల ఆరంభం దాకా అది బెక్వేకూ కింగ్స్‌టౌన్‌కూ మధ్య మనుషులనూ ఉత్తరాలనూ మోసింది. అదే ఏడాది టోర్టోలాలో చార్లీ, జిన్నీ కేరీ దంపతులు ఆరు ఫైబర్‌గ్లాస్ పడవలతో ‘మూరింగ్స్’ సంస్థ ప్రారంభించారు. సరంగు లేకుండా ఖాళీ పడవను అద్దెకిస్తారు, నడుపుకోవడం అద్దెకు తీసుకున్నవాళ్ల పని. స్నేహితులే సిబ్బంది అయ్యే ఈనాటి విహార రూపం జనంలోకి విస్తరించింది ఈ పద్ధతి వల్లనే. నికల్సన్ పద్ధతిలో పడవకు సరంగూ వంటమనిషీ కావాలి కాబట్టి స్థానికుడికి పనికి అవకాశముంది. ఖాళీ పడవ పద్ధతిలో ఆ చోటు పోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. గాలి ప్రకృతి ఇచ్చింది, దీవులు ప్రకృతి పేర్చింది, కాబట్టి ఎవరొచ్చినా ఇదే దారి పడతారు, ఇందులో స్థానికులకు బాకీపడ్డదేముంది? పైగా ఈనాటి పడవకు ఇంజనుంది, ఉపగ్రహ సూచనలున్నాయి, పాత స్లూప్‌తో దానికి పోలికే లేదు అనవచ్చు. గాలి ఎవరి సొత్తూ కాదన్న మాట నిజం. కానీ గాలి ఉన్నంత మాత్రాన దారి ఏర్పడదు. రాత్రికి ఆగడానికి రేవు, నీళ్లకూ తిండికీ ఊరు, చిరిగిన తెరచాప కుట్టే చేయి, విరిగిన స్తంభం సరిచేసే వడ్రంగి, తుపాను వస్తే దాక్కునే చోటు ఉంటేనే అది దారి. అవన్నీ పనిచేసే పడవల వల్ల ఏర్పడ్డాయి. యాత్రల పంచాంగం కూడా పాతదే. జూన్ నుంచి నవంబర్ దాకా తుపాను కాలమని, ఆ నెలల్లో ఓడలకు భద్రమైన చాటు కావాలని పద్దెనిమిదో శతాబ్దపు నౌకాదళం ఇంగ్లిష్ హార్బర్ కట్టుకుంది. ఇప్పుడు పడవలకు బీమా ఇచ్చే సంస్థలు అవే నెలల్లో పడవ ఎక్కడ ఉండాలో షరతులు పెడుతున్నాయి. సాధనాలు మారాయి, సముద్రం పెట్టే పరీక్ష మారలేదు. దానికి జవాబులు మొదట కనుక్కున్నవాళ్లకు గుర్తింపు ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, చరిత్ర రచనలో కనీస నియమం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పనిచేసే తెరచాపను గొప్పగా చెప్పడం పేదరికాన్ని పూజించడమే కదా, దీవుల జనమే ఇంజను దొరకగానే తెరచాపను సంతోషంగా వదిలేశారు కదా అని. ఇందులో చాలా సత్యముంది. ఆ పడవల మీద చావులు మామూలు. 1939లో బెక్వేలో రెజినల్డ్ మిచెల్ కట్టిన గ్లోరియా కొలీటా ఆ దీవుల్లో కట్టిన అతిపెద్ద స్కూనర్లలో ఒకటి, మూడు స్తంభాలది. మరుసటి ఏడాది అది ఒక్క మనిషీ లేకుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తేలుతూ కనిపించింది. కట్టిన మిచెల్ కూడా తిరిగి రాలేదు. ఇలాంటి సముద్రం నుంచి తమ పిల్లలు బయటపడాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో తప్పు లేదు. నా వాదన ఆ రోజులు తిరిగి రావాలని కాదు. కష్టమైన పనిలో పుట్టిన జ్ఞానం కష్టం తొలగాక కూడా జ్ఞానమే. దాన్ని సంపాదించినవాళ్ల పేరు తీసేసి, ఫలితాన్ని మాత్రం ‘కన్యతీరాలు’, ‘స్వర్గం’ అనే ప్రకటనల భాషలో అమ్మడం వల్ల ఆ కష్టం రెండోసారి అదృశ్యమవుతుంది. ఆ మిచెల్ కొడుకు జేమ్స్ మిచెల్ రాజకీయాల్లోకి వచ్చి, 1972లో సెయింట్ విన్సెంట్ ప్రీమియర్ అయ్యాడు, తర్వాత 1984 నుంచి 2000 దాకా ప్రధానమంత్రిగా పనిచేశాడు. 1972లోనే ‘టు హెల్ విత్ ప్యారడైజ్’ అనే శీర్షికతో పర్యాటక విధానం మీద ప్రసంగించాడు. బెక్వే రేవు ఒడ్డున హోటల్ నడిపిన కుటుంబం అతనిది, అందుచేత అతిథుల మీద ద్వేషంతో అన్న మాట కాదది. తమ దీవిని మనుషులున్న చోటుగా చూడమన్న పట్టుదల అది. ఆ పట్టుదలే ఇక్కడ నా ఆధారం కూడా.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. విహారమే లేకపోతే ఈ పడవ సంస్కృతి ఎప్పుడో చచ్చిపోయేదని, బయటివాళ్ల డబ్బూ ఆసక్తీ దాన్ని బతికించాయని అంటారు. సాక్ష్యాలు దీన్ని కొంతవరకు బలపరుస్తాయి. కారియకూ పడవ పందేలను 1965లో ప్రారంభించింది లింటన్ రిగ్ అనే విహార నావికుడు. గెలవాలన్న పట్టుదలతో దీవి ఓడవడ్రంగులు మెరుగైన పడవలు కట్టారు. ఫ్రెండ్‌షిప్ రోజ్ ఉత్తరాల పని ముగిశాక పర్యాటకులను తిప్పుతూ నిలబడింది. కారియకూ, పెటిట్ మార్టినిక్ దీవుల కొయ్య పడవల నిర్మాణాన్ని 2023లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాక రెండు మాటలు మిగులుతాయి. మొదటిది, బతికించడానికి అక్కడ ఏదో ఉండాలి. పందెం పెట్టినవాడి కన్నా ముందు పందెపు పడవ కట్టగలిగినవాడు ఉన్నాడు, అతని వెనుక నాలుగు తరాల గొడ్డలి పని ఉంది. రెండోది, ఏ రకం విహారం బతికించింది అన్నది చూడాలి. పందేల్లో, పర్యాటక స్కూనర్లలో స్థానికుడు చుక్కాని దగ్గర ఉన్నాడు. సరంగు అక్కరలేని అద్దె పడవ ఆ సంస్కృతికి నేరుగా చేసిన మేలు చాలా తక్కువ. దాన్నుంచి దీవి మనిషికి మిగిలేది లంగరు రుసుములో వాటా, మార్కెట్లో కూరగాయల అమ్మకం, రేవులో పడవ శుభ్రం చేసే పని. విహారం అంతా ఒకటే అన్నట్టు మాట్లాడితే ఈ తేడా కనిపించదు, ఈ తేడా కనిపించకపోతే విధానం ఎటు వెళ్లాలో తేలదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో తుపానులు చూపించాయి. తుపానుల దారికి దక్షిణాన ఉందని పడవలవాళ్లు నమ్మిన గ్రెనడాను 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ చిన్నాభిన్నం చేసింది. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా బ్రిటిష్ వర్జిన్ దీవులను ఐదో తరగతి తుపానుగా తాకి, రేవుల్లోని అద్దె పడవలను ఒకదాని మీద ఒకటి కుప్పపోసింది. 2024 జూలై 1న బెరిల్ కారియకూను నాలుగో తరగతి తుపానుగా దాటింది. ఇళ్లలో అత్యధిక భాగం దెబ్బతిన్నాయి, పడవలు ఆశ్రయం తీసుకునే టిరెల్ బే మడ అడవి కూడా నాశనమైంది. అద్దె పడవల సముదాయాలు కొత్త పడవలతో మళ్లీ నిలబడగలవు, వాటి యజమానులు చాలామంది వేరే దేశాల్లో ఉంటారు. ఓడవడ్రంగి ఇల్లు కూలితే, అతను వలసపోతే, ఇసుకలో కంటి అంచనాతో పడవ లేపే విద్య అతనితోనే వెళ్లిపోతుంది. వారసత్వ జాబితా దాన్ని కాపాడలేదు, అతనికి ఆ ఒడ్డునే పని దొరకడం ఒక్కటే కాపాడగలదు.

ఆ పని దొరికే మార్గాలు ఇప్పటికే కొన్ని చోట్ల కనిపిస్తున్నాయి. గ్రెనడీన్స్ దీవుల్లోని టొబాగో కేస్ దిబ్బలను సెయింట్ విన్సెంట్ ప్రభుత్వం 1999లో ప్రైవేటు యజమానుల నుంచి కొని, సముద్ర పార్కుగా నడుపుతోంది. అక్కడ ఆగే ప్రతి పడవా రుసుము కట్టాలి. డొమినికాలోని పోర్ట్స్‌మత్‌లో నది మీద పర్యాటకులను తిప్పే గైడ్లు ఒక సంఘంగా ఏర్పడి, రేవులో పడవల భద్రతను తామే చూసుకుంటున్నారు. అంతకుముందు లంగరు వేయగానే ఒక్కో పడవ చుట్టూ ఒక్కొక్కరు పోటీపడి మూగిన చోట, ఇప్పుడు క్రమం ఉంది, గౌరవం ఉంది, ఆదాయం అక్కడే ఉంటోంది. రెండు చోట్లా నీరు ఖాళీ స్థలం కాదనీ, దానికి మనుషులున్నారనీ, అక్కడ ఆగడం ఆ మనుషులతో కుదుర్చుకోవాల్సిన ఒప్పందమనీ గుర్తించారు. చరిత్రను 1949 నుంచో 1969 నుంచో మొదలుపెట్టినప్పుడు ఈ గుర్తింపు దయగా కనిపిస్తుంది. కలినాగో పడవ నుంచి, ఎక్వియానో గాజు గ్లాసు నుంచి, 1840లో జలసంధి దాటిన పదకొండు మంది నుంచి, విండ్‌వర్డ్ గ్రామపు ఓడవడ్రంగి నుంచి మొదలుపెడితే అది హక్కుగా కనిపిస్తుంది. స్నేహితులతో ఆ దీవులు తిరిగే వారం రోజుల ఆనందం దీనివల్ల తగ్గదు. ఎవరి దారిలో వెళుతున్నామో తెలిసిన ప్రయాణికుడు రుసుము కట్టేటప్పుడు బేరమాడడు, సరంగు కావాలా అని అడిగితే ఒకసారి అవునంటాడు, స్థానికుడు కట్టిన పడవకు పందెంలో ముందు దారి ఇస్తాడు. ఈ దీవుల తెరచాప చరిత్రను మళ్లీ రాసేవాళ్లు మొదటి అధ్యాయాన్ని దాని యజమానులకు తిరిగి ఇవ్వాలి. చివరి అధ్యాయంలో కూడా చుక్కాని దగ్గర వాళ్లకు చోటుండాలంటే పని అక్కడి నుంచే మొదలవ్వాలి.